ముప్పై ఏడు కర్రల నిచ్చెన

తరంగపురి కోటకు తూర్పున, ఎర్రమట్టి మైదానం నడుమ నింగిబురుజు నిలబడి ఉంది. కింద నుంచి చూసేవాడి తలపాగా వెనక్కి జారిపడవలసిందే తప్ప దాని కొస కనిపించదు. మబ్బు రంగు రాతి గోడలు, వాటి మీద వరుసలు వరుసలుగా చెక్కిన కొండచిలువలు, ప్రతి కొండచిలువ నోట్లోనూ ఒక కెంపు. శిఖరాన రాగిరేకు తాపిన పిట్టగోడ, ఆ పిట్టగోడ ముందు అంచున తాటిచెట్టంత జెండాకర్ర, దాని కొసన ఒక నల్లజెండా. బురుజు చుట్టూ కందకం, కందకం నిండా పచ్చటి నీళ్ళు, నీళ్ళ నిండా మొసళ్ళు. కొండచిలువలు శిల్పాలే గాని మొసళ్ళు మాత్రం నిజమైనవి.

ఆ బురుజు కిటికీలో, తూర్పు ముఖంగా, రాజకుమారి మృణాళిని నిలబడి ఉంది. పది రోజుల కిందట వక్రనాథుడనే మాంత్రికుడు సుడిగాలి రూపంలో అంతఃపురంలోకి దూరి ఆమెను ఎత్తుకొచ్చాడు. అంతటితో ఊరుకోక డప్పు వేయించి మరీ ఊరంతా చాటించాడు. పదకొండో రోజు పొద్దు వాలే వేళ బురుజు నీడ కొస మైదానంలోని నల్లరాతిని తాకుతుందట. తాకిన క్షణాన బురుజు మీద ఏ ప్రాణి ఉంటే ఆ ప్రాణి శిల అయిపోతుందట. ఆ శిలను గంధంలా అరగదీసి ఒంటికి పూసుకుంటే వక్రనాథుడికి ఇక చావే ఉండదట. ఆ పదకొండో రోజు ఇదే.

కందకం ఇవతల గట్టున, వెల్లగొడుగు కింద, పుష్పకేతు మహారాజు కూర్చుని ఉన్నాడు. కూతురిని గడప దాటనివ్వకుండా, ఎండ పొడ తగలనివ్వకుండా పెంచిన తండ్రి ఆయన. పది రోజులుగా ఆయన నోట్లోకి మెతుకు దిగలేదు. బురుజు తలుపును ముట్టుకున్నవాడి చేయి కాలిపోతోంది. గోడకు నిచ్చెన ఆనిస్తే మంత్రబలం వల్ల జారిపోతోంది. కిటికీ గడప ఒక్కటే మామూలు రాయి. ఇనుప కొక్కేలున్న నిచ్చెనను గట్టు మీద నుంచి ఏటవాలుగా ఎత్తి, సరిగ్గా ఆ గడపకు తగిలించగలిగితేనే దారి. ఒక జానెడు పొట్టి అయినా, ఒక జానెడు పొడుగైనా కొక్కెం మంత్రపు గోడ మీద పడి జారిపోతుంది.

ఆ ప్రయత్నమూ ఆ ఉదయమే అయిపోయింది. ఆస్థాన గణితవేత్త ప్రగల్భాచార్యులు పాత గ్రంథం తీసి, బురుజు కట్టించిన దీర్ఘబాహు మహారాజు కాలం నాటి శ్లోకం చదివాడు. కిటికీ సరిగ్గా నూరు మూరల ఎత్తు. ఆయన శిష్యులు ముప్పై మంది కళ్ళు మూసుకుని సూత్రాలు వల్లించి, నిచ్చెన ఎన్ని మూరలు ఉండాలో తేల్చారు. లెక్కలో ఒక్క తప్పు లేదు. ఏనుగులు నిచ్చెన ఎత్తాయి. అది కిటికీకి ఎంతో కిందే గోడను తాకి, సర్రున జారి, ఇరవై మంది సైనికులతో సహా కందకంలో పడింది. సైనికులు ప్రాణాలతో గట్టెక్కారు గాని వాళ్ళ డాళ్ళూ చెప్పులూ మొసళ్ళ పాలయ్యాయి.

ఆచార్యులవారు గ్రంథం మళ్ళీ తిరగేశాడు. మళ్ళీ నూరు మూరలే వచ్చింది. అప్పుడు గుంపులోంచి ఒక వడ్రంగి యువకుడు ముందుకు వచ్చి, మహారాజుకు దండం పెట్టి, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"నూరు మూరలంటే ఎవరి మూరలు ప్రభూ?"

మూర అంటే మూరే, ఎవరిదేమిటని ఆచార్యులు మండిపడ్డాడు. కాని ఆ ప్రశ్నలోనే ఉంది గుట్టంతా. తరంగపురిలో ఒక ఆచారం ఉంది. కొత్త రాజు పట్టాభిషేకం నాడు ఆయన మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా కొలిచి, అంత పొడవు ఇనుపకడ్డీ పోతపోసి అంగడివీధిలో వేలాడదీస్తారు. ఆ ఏలుబడి అంతా అదే మూర. దీర్ఘబాహు మహారాజు నిలబడితే చేతులు మోకాళ్ళ కిందికి వచ్చేవట. పుష్పకేతు మహారాజు గొప్ప ధర్మాత్ముడు, గొప్ప దాత, కాని చేతుల విషయంలో దేవుడు ఆయనకు కాస్త పొదుపు చేశాడు. తాతముత్తాతల మూరలతో రాసిన ఎత్తుకు నేటి మూరలతో నిచ్చెన కోశారు. ఈ మాట రాజుగారి ముఖం మీద అనడం ఎలాగో తెలియక ఆ యువకుడు తన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. రాజు తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆయనకు అర్థమైంది.

ఆ యువకుడి పేరు కేదారుడు. వడ్రంగివాడలో అతను కొలతల బడి నడుపుతున్నాడు. పన్నెండేళ్ళు నిండిన పిల్లలెవరైనా అక్కడ చేరవచ్చు. ఆ బడిలో వల్లించడం లేదు. పిల్లలు మట్టితో గరాటులూ గిన్నెలూ చేసి, ఇసుక పోసి, గరాటు ఎన్నిసార్లు పోస్తే గిన్నె నిండుతుందో చూస్తారు. బండిచక్రానికి దారం చుట్టి, ఆ దారంలో చక్రం అడ్డుకొలత ఎన్నిసార్లు వస్తుందో చూస్తారు. నెలకొక పని చేస్తారు: చెట్టెక్కకుండా తాటిచెట్టు ఎత్తు చెప్పడం, దిగకుండా బావి లోతు చెప్పడం. రెండు జట్లు విడివిడిగా, రెండు తీరుల్లో కొలవాలి. రెండు జట్లకూ ఒకే అంకె వచ్చేదాకా ఎవరూ దాన్ని నమ్మకూడదు. ఆ బడి నియమం అది. పండితుల వీధిలో దాన్ని మట్టిబడి అని వెక్కిరించేవారు.

కిటికీ ఎత్తు కొలవడానికి పొద్దు వాలేదాకా వ్యవధి చాలునా అని రాజు అడిగించాడు. చాలుతుందని కేదారుడు చెప్పాడు. తన బడి పిల్లలు నలభై మంది అక్కడే ఉన్నారు. వాళ్ళలో పెద్దది చెంగల్వ, కుమ్మరివాడ పిల్ల, పదిహేనేళ్ళది, మోచేతుల దాకా మట్టి, తల నిండా లెక్కలు.

వాళ్ళు ఏ రాజు మూరనూ ముట్టలేదు. కేదారుడు అక్కడికక్కడే ఒక వెదురు కర్ర కోసి, అలాంటివే మరి నాలుగు కోయించాడు. ఇక కొలత అంతా ఆ కర్రలతోనే, నిచ్చెన కోయడమూ ఆ కర్రతోనే. మొదట కందకం వెడల్పు. చెంగల్వ బురుజు తలుపుకు ఎదురుగా గట్టు మీద నిలబడింది. అక్కడి నుంచి గట్టు వెంట పది కర్రలు నడిచి ఒక గుంజ పాతింది. మరో పది కర్రలు నడిచి ఆగింది. పన్నెండు ముడుల తాడును మూడు, నాలుగు, అయిదు పాళ్ళుగా మూడు వైపులా లాగి పట్టి నిటారు మూల తీసింది. ఆ మూల చూపిన దారినే కందకానికి వీపు పెట్టి నడిచింది. నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి చూస్తోంది. గుంజా తలుపూ ఒకే చూపులోకి వచ్చిన చోట ఆగిపోయింది. తను గట్టు నుంచి ఎంత దూరం నడిచిందో కందకం అంత వెడల్పు. పన్నెండు కర్రలు.

రెండో జట్టు ఎడమవైపు నుంచి కొలిచింది. వాళ్ళకు తాడు పట్టే మనిషి చాలక ఇటూ అటూ చూస్తుంటే ప్రగల్భాచార్యులే పంచె ఎగ్గట్టి వచ్చి తాడు కొస పట్టుకున్నాడు. వాళ్ళకూ పన్నెండే వచ్చింది.

జెండాకర్ర మీద ఒక రాబందు కూర్చుని ఇదంతా చూస్తోంది. అది వక్రనాథుడే. పిల్లలు తాళ్ళతో ఆడుకుంటున్నారనుకుని చాలాసేపు కులాసాగా ఉన్నాడు. కాని వాళ్ళు నేల మీద కర్ర నిలబెట్టి దాని నీడనూ, బురుజు నీడనూ కొలవబోయేసరికి అతనికి ఒళ్ళు మండింది. రెక్క ఒకసారి విదిలించాడు. ఎక్కడి నుంచో ఒక కారుమబ్బు వచ్చి సూర్యుణ్ణి కప్పేసింది. నీడలన్నీ మాయమయ్యాయి. ఆ మబ్బు ఉన్నంతసేపు తన శిలామంత్రమూ సాగదని అతనికి తెలుసు. అయినా ఒక గడియసేపు వాళ్ళను తికమక పెడితే చాలనుకున్నాడు.

నీడ పోతే పోయింది. కేదారుడు తన వడ్రంగి సంచిలోంచి మూలమట్టం తీశాడు. అది చదరపు చెక్కను మూల నుంచి మూలకు కోసి చేసింది. దాని కింది అంచు నేలకు సమంగా ఉండేట్టు పట్టుకుని, ఏటవాలు అంచు వెంట చూస్తూ వెనక్కి నడవాలి. ఆ చూపు కిటికీ గడపకు తగిలిన చోట ఆగితే, అక్కడి నుంచి బురుజు ఎంత దూరమో గడప అంత ఎత్తు. చెంగల్వ ఒక కర్రను నేల మీద నిటారుగా నిలబెట్టి, దాని కొస మీద మూలమట్టం పెట్టి, దారానికి రాయి కట్టి వేలాడదీసి సరిచూసుకుంది. మూడుచోట్ల పెట్టి, జరిపి, నాలుగోచోట ఆగింది. బురుజు నుంచి ముప్పై నాలుగు కర్రలు. రెండో జట్టు పిల్లవాడొకడు బురదలో బోర్లా పడుకుని, మూలమట్టాన్ని నేలకే ఆనించి చూశాడు. అతనికి ముప్పై అయిదు వచ్చింది.

రెండు జట్లకూ రెండు అంకెలు. పైన రాబందు రెక్కలు కొట్టుకుని నవ్వింది. సేనాపతి తల పట్టుకున్నాడు. రాజు లేచి నిలబడి, ఏది నిజమో వెంటనే చెప్పమని కేదారుణ్ణి ఆజ్ఞాపించాడు.

కేదారుడికి తెలుసు. అయినా అతను చెప్పలేదు. పిల్లలకు ఎన్నడూ జవాబు చెప్పి ఎరగని మనిషి ఇప్పుడూ చెప్పలేకపోయాడు. చెంగల్వ దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగాడు.

"అమ్మా, నీ మూలమట్టం ఎక్కడ ఉంది?"

కర్ర మీద ఉందని చెంగల్వ అంది. అని, కర్ర వైపు చూసింది. ఆమె ముఖం ఎర్రబడింది. మూలమట్టం నేల మీద లేదు, నేలకు ఒక కర్ర ఎత్తున ఉంది. తను కొలిచింది ఆ ఎత్తు నుంచి పైకి మాత్రమే. కింద ఉన్న ఆ ఒక్క కర్రా కలుపుకుంటే ముప్పై అయిదు. ఆమె ఆ మాట గొంతెత్తి చెప్పేసరికి రెండో జట్టు పిల్లవాడు బురద ముఖంతో లేచి గంతులేశాడు. ఇంత ఆపదలో ప్రశ్నలు వేసే గురువును ఎక్కడా చూడలేదని సేనాపతి గొణిగాడు.

ఇక నిచ్చెన పొడవు. కర్రకు ఒక జానెడు చొప్పున నేల మీద గీశారు. పన్నెండు జానల కందకం, దానికి నిటారుగా ముప్పై అయిదు జానల బురుజు, ఆ రెంటి కొసలూ కలుపుతూ ఏటవాలుగా ఒక తాడు. ఆ తాడును కొలుస్తుండగా పక్కన ప్రగల్భాచార్యులు అలవాటు చొప్పున కళ్ళు మూసుకుని సూత్రం వల్లించాడు. పన్నెండును పన్నెండుతో, ముప్పై అయిదును ముప్పై అయిదుతో హెచ్చవేసి, రెండూ కలిపి, మూలం తీశాడు. ఆయన నోట ముప్పై ఏడు వచ్చేసరికి తాడు దగ్గర చెంగల్వ నోట కూడా ముప్పై ఏడే వచ్చింది. ఆయన కళ్ళు తెరిచాడు. నలభై ఏళ్ళుగా తను వల్లిస్తున్నది నేల మీద తాడై పడి ఉండడం ఆయన చూశాడు. అక్కడే కూర్చుండిపోయి ఆ తాడును రెండుసార్లు తడిమాడు. ఆయనకు కన్నీళ్ళు వచ్చాయి, అవి సిగ్గుతో వచ్చాయో సంతోషంతో వచ్చాయో ఆయనే చెప్పలేకపోయాడు.

వడ్రంగివాడ అంతా కదిలింది. బొంగువెదుళ్ళు వచ్చాయి, నారతాళ్ళు వచ్చాయి. కర్రకు నాలుగు చొప్పున నూట నలభై ఎనిమిది మెట్లు బిగించారు. ఈలోగా మబ్బు తొలగక తప్పలేదు. సూర్యుడు బయటపడ్డాడు, నీడ మళ్ళీ నేల మీద పడి సాగడం మొదలుపెట్టింది. అది నల్లరాతి వైపు పాకుతుంటే జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నిచ్చెన సిద్ధమయ్యేసరికి నీడ కొసకూ రాతికీ మధ్య పాతిక కర్రల దూరమే మిగిలింది.

ఎనిమిది ఏనుగులు నిచ్చెనను ఎత్తాయి. అది గాలిలో ఊగింది, వంగింది, మెల్లగా కందకం మీదుగా వాలింది. ఇనుప కొక్కేలు ఖంగుమని కిటికీ గడపలో పడ్డాయి. ఒక జానెడు ఎక్కువ లేదు, ఒక జానెడు తక్కువ లేదు. మైదానం అంతా ఒక్క గొంతుతో కేక పెట్టింది.

కేదారుడు రంపాన్ని వీపుకు కట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. యాభయ్యో మెట్టు దగ్గర వేడిగాలి ముఖాన కొట్టింది. ఎనభయ్యో మెట్టు దగ్గర చేతికింది మెట్టు మెత్తగా కదిలింది. చూస్తే అది మెట్టు కాదు, నాగుపాము. దానిపైది పాము. పైనున్నవన్నీ పాములే, పడగలెత్తి బుసలు కొడుతున్నాయి. కింద జనం హాహాకారాలు చేశారు. కేదారుడు ఒక్క క్షణం ఆగాడు. ఆ మెట్లన్నీ తను దగ్గరుండి కట్టించినవే. కర్రకు నాలుగు, అన్నీ సమ దూరాన. అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఎనభై ఒకటి అని చేయి చాచాడు. వెదురే తగిలింది. ఎనభై రెండు, వెదురు. బుసలు చెవుల్లో హోరెత్తుతున్నా అతని అంకె తప్పలేదు. నూట నలభై ఎనిమిది అన్నాక చేయి చాస్తే చల్లటి రాయి తగిలింది. కళ్ళు తెరిచాడు.

కిటికీలో నిలబడిన రాజకుమారిని చూసి అతను మెట్టు మీదే ఆగిపోయాడు. పట్టుపావడా, ముత్యాల సరాలు, వాటి మధ్య అతనికి బాగా తెలిసిన ముఖం. గానుగవాడ నుంచి వస్తున్నానని చెప్పి, నూనె మరకల పరికిణీతో రెండేళ్ళుగా తన బడిలో మూడో వరుసలో కూర్చునే సంపెంగ. పది రోజులుగా బడికి రాలేదని, జ్వరమేమోనని అతను మనిషిని కూడా పంపాడు. గానుగవాడలో అలాంటి పిల్లే లేదని ఆ మనిషి తిరిగి వచ్చి చెప్పాడు. ఆమె అంతఃపురం నుంచే దొంగచాటుగా వచ్చేదని అతనికి ఇప్పుడు తెలిసింది.

"నా పేరు సంగతి తర్వాత, గురువుగారూ," అంది మృణాళిని. "ముందు పైకి రండి. ఆ రంపం కావాలి."

దిగిపోదామని అతను తొందరపెట్టాడు. ఆమె వేలు చాపి మైదానం చూపించింది. నీడ కొసకూ నల్లరాతికీ మధ్య పది కర్రలే ఉన్నాయి. నిచ్చెన మీద ఉన్నా బురుజు మీద ఉన్నట్టే, వాళ్ళు దిగేలోగా అది రాతిని తాకుతుంది. కాని ఆ నీడ కొస బురుజుది కాదు, బురుజు మీది జెండాకర్రది. పది రోజులూ ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. మెట్లు లెక్కపెట్టింది, ఒక్కో మెట్టునూ జానతో కొలిచింది, మేడ మీద పడే జెండాకర్ర నీడను తన నీడతో పోల్చింది. మొత్తం ఎత్తును ఆరు పాళ్ళు చేస్తే జెండాకర్ర ఒక పాలు. కర్ర తీసేస్తే నీడలోనూ ఆరో పాలు పోతుంది. అంత పెద్ద మానును కోయడానికి రంపం లేక ఊరుకుంది, అంతే.

కేదారుడి గుండె ఉప్పొంగింది. తను చెప్పని పాఠాన్ని తన శిష్యురాలు తనకు చెబుతోంది. ఇద్దరూ మేడ మీదికి పరుగెత్తారు. రంపానికి ఆ కొస అతను, ఈ కొస ఆమె పట్టి కోశారు. పొట్టు కళ్ళలో పడుతోంది, అరచేతులు బొబ్బలెక్కుతున్నాయి. నీడ కొస రాతికి అయిదు కర్రల దూరానికి వచ్చింది, మూడుకు వచ్చింది, రెండుకు వచ్చింది. మాను ఫెళ్ళున విరిగి కందకంలో పడింది. మైదానంలో పాకుతున్న నీడ ఎవరో తోక పట్టి లాగినట్టు ఒక్కసారిగా వెనక్కి పోయింది. ఇరవై కర్రలకు పైగా వెనక్కి పోయింది. జనం ఒకరినొకరు కావలించుకున్నారు. అరగడియ వ్యవధి చిక్కింది.

ఇద్దరూ కిటికీ దగ్గరికి దిగి నిచ్చెన పట్టుకున్నారు. మెట్లు దిగే తీరిక లేదు గనుక కేదారుడు తన ఉత్తరీయాన్ని రెండు ముక్కలు చేశాడు. నిచ్చెన పక్కబొంగులకు అవి చుట్టి, అతనొక వైపు, ఆమె ఒక వైపు జరజరా జారారు. సగం దూరం రాకముందే పైన ఆకాశం పగిలినట్టు అరుపు వినిపించింది. నీడ రాతిని సమీపించినప్పుడు తను శిల కాకుండా దూరంగా ఎగిరిపోయిన రాబందు తిరిగొచ్చి మేడ మీద వాలి, వక్రనాథుడై నిలబడి, మాయతో కిటికీ దాకా చేయి సాచి కొక్కేలు ఊడబెరికాడు. నిచ్చెన కందకంలోకి కూలింది. మొసళ్ళు నోళ్ళు తెరిచాయి. గట్టు మీది ఏనుగొకటి తొండం చాచి, నీళ్ళలో పడ్డ రాజకుమారిని నడుము పట్టి ఎత్తింది. కేదారుడు ఆ తొండానికే వేలాడుతూ గట్టున పడ్డాడు. అతని పంచె అంచు మాత్రం మొసలి నోట్లో మిగిలింది.

రాజు పరుగున వచ్చి కూతురిని పట్టుకున్నాడు. ఆమె మాత్రం తండ్రి భుజం మీది నుంచి మైదానం వైపే చూస్తోంది. నీడ మళ్ళీ సాగుతోంది, కాని పొట్టిగా ఉంది. రాతికి ఇంకా పదహారు కర్రల దూరంలో ఉంది. మేడ మీద వక్రనాథుడు ముందు అంచుకు వచ్చి, ఈ ఊరిని బూడిద చేస్తానని గర్జిస్తున్నాడు. గర్జిస్తూ తన మాయతో పెరిగాడు. రెండు కర్రల ఎత్తయ్యాడు. అతనితో పాటు నీడ కూడా ఆరు కర్రలు ముందుకు జరిగింది.

మృణాళిని తండ్రి చేతుల్లోంచి విడిపించుకుని గట్టు అంచుకు వెళ్ళింది. తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని, పైకి చూసి, సంతలో బేరమాడే గానుగవాడ పిల్లలాగే అంది.

"ఓస్, ఇంతేనా నువ్వు? మా ఏనుగు మోకాలికి కూడా రావుగా."

మాంత్రికులు మంత్రాలు నేర్చుకుంటారు గాని నోరు మూసుకుని ఉండడం నేర్చుకోరు. వక్రనాథుడు రోషంతో నాలుగు కర్రలంత అయ్యాడు. అతని జటలు మబ్బును తాకుతున్నట్టున్నాయి. కేదారుడు నల్లరాతి వైపు చూశాడు, అతనికి రాజకుమారి ఎత్తుగడ తెలిసిపోయింది. తలకాయ నీడ రాతికి మూడు కర్రల దూరంలో ఉంది. మా వడ్రంగివాడ మేకలే నయమని చెంగల్వ వెనక నుంచి అందుకుంది. నలభై మంది పిల్లలూ పకపక నవ్వారు. వక్రనాథుడు దిక్కులు అదిరేలా అరిచి, అయిదు కర్రలు దాటి పెరిగాడు.

అతని తల నీడ నల్లరాతి మీద పడింది.

అరుపు మధ్యలో ఆగిపోయింది. పాదాల నుంచి బూడిదరంగు పైకి పాకింది, మోకాళ్ళు, పొట్ట, ఎత్తిన చేతులు, తెరిచిన నోరు. బురుజు మీద ఉన్న ఏకైక ప్రాణి తన మంత్రానికి తనే శిల అయి నిలబడ్డాడు. మైదానంలో భేరీలు మోగాయి, సైనికులు డాళ్ళు లేకపోయినా చేతులతోనే చప్పుడు చేశారు. ప్రగల్భాచార్యులు పంచె ఊడిపోతున్నా పట్టించుకోకుండా పిల్లల మధ్య చిందులు తొక్కాడు.

ఆ సంబరంలో చెంగల్వ ఒక్కతే పైకి చూస్తూ ఉండిపోయింది. అంత రాయిని మోయడానికి కట్టిన బురుజు కాదది. ముందు గోడలో ఒక బీట కనిపించింది. బీట పెరిగింది. బురుజు గట్టు వైపే వాలుతోంది.

ఎటు పరుగెత్తాలో తెలియక జనం చెల్లాచెదురయ్యారు. ఎంత ఎత్తో అంత దూరమే పడుతుందని కేదారుడు చెప్పాడు. మేడ దాకా నలభై, రాక్షసాకారం అయిదూ చిల్లర అని మృణాళిని అందించింది. చెంగల్వ అప్పటికే తలుపు నుంచి యాభయ్యో కర్ర దగ్గర గుంజ పాతి, దాని అవతలికి రమ్మని అందరినీ కేకలేస్తోంది. ఏనుగులు, గొడుగులు, పల్లకీలు, పండితులు, అందరూ ఒక కుమ్మరి పిల్ల పాతిన గుంజ దాటి నిలబడ్డారు. నింగిబురుజు నింగినంతా నింపుతూ కూలింది. నేల అదిరింది, ఎర్రధూళి లేచింది. ధూళి తేలిపోయేసరికి వక్రనాథుడి రాతితల ఆ గుంజకు నాలుగు కర్రల ఇవతల, నోరు తెరుచుకునే పడి ఉంది.

బురుజు ఉన్నచోట ఇప్పుడు ఒక నల్లటి గొయ్యి. కందకం నీళ్ళు బీటల్లోకి ఇంకిపోయి, మొసళ్ళు బురదలో నిస్సహాయంగా కదులుతున్నాయి. సైనికులు దుంగలు పరిచి దారి చేసి వెళ్ళి చూశారు. గొయ్యిలోంచి కిందికి మెట్లున్నాయి. ఎంత దాకా ఉన్నాయో చూపు ఆనడం లేదు. లోపలి నుంచి ఆకుపచ్చని వెలుగు వస్తోంది. ఆ వెలుగులో, చాలా లోతున, ఎవరో ఇనుప తలుపును తడుతున్నారు. మూడుసార్లు తట్టి ఆగి, మళ్ళీ మూడుసార్లు. సైనికులు వెనక్కి తగ్గారు.

మృణాళిని వెనక్కి తగ్గలేదు. అక్కడ ఎవరో ప్రాణాలతో ఉన్నారని, వక్రనాథుడికి ఇంకా ఖైదీలున్నారని, ఇప్పుడే వెళ్ళాలని ఆమె అంది. రాజు వచ్చి ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. చుట్టూ అందరూ తలలు వంచుకున్నారు. పదిహేనేళ్ళుగా ఆయన ఆ పిల్లను గడప దాటనివ్వలేదని అందరికీ తెలుసు. ఇక పల్లకీ తెప్పిస్తాడని, అంతఃపురం తలుపులకు రెండేసి తాళాలు పడతాయని అనుకున్నారు.

పుష్పకేతు మహారాజు కూతురి అరచేతులు పట్టుకుని చూశాడు. రంపం పట్టిన బొబ్బలు చితికి నెత్తురు కారుతున్నాయి. తను దాచిపెట్టి కాపాడాననుకున్న పిల్ల, తను దాచలేకపోయిన చోట నేర్చుకున్న విద్యతో బతికి బయటపడింది. ఆయన తన నడుముకున్న రాజఖడ్గం విప్పి, ఆ గాయపడ్డ చేతుల్లోనే పెట్టాడు.

"ముందు నువ్వు నడు తల్లీ," అన్నాడు. "మేం నీ వెనకే వస్తాం."

ఆమె ఖడ్గం అందుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. కేదారుడు కాగడా ముట్టించుకుని ఆమె వెంట దిగాడు. చెంగల్వ కర్ర చంకన పెట్టుకుని, ఎవరూ పిలవకపోయినా, మూడో మనిషిగా దిగింది. లోతున ఇనుప తలుపు మీద చప్పుడు ఆగిపోయింది. అవతల ఉన్నవాళ్ళు అడుగుల సవ్వడి విన్నారు.